తెరమూలనున్న గడియారము

శ్రావణ శుద్ధ షష్ఠినాడు బొబ్బిలి పట్టణముపై నీలనీరదపటలము దట్టముగా క్రమ్ముకొని సూర్యబింబమును ప్రాతఃకాలము మొదలు ఒక్కమారైనను కంటబడనీయక వీధులను గృహములను వృక్షములను ఒక్కటే మసకవెలుతురున ముంచి ప్రొద్దెక్కుచున్నదో గ్రుంకుచున్నదో పశుపక్ష్యాదులకు సైతము తెలియకుండ జేసియుండెను. కోళ్లు మధ్యాహ్నమే గూటికి చేరి మరల సందేహించి వెలికి వచ్చెను. నీడయనునది యెచ్చటను లేదు. నీడ లేనందున, శంకువను కొయ్యను నాటి దాని నీడతో కాలమును గుణించు పూర్వుల విద్యయు ఆనాటికి సెలవు పుచ్చుకొన్నదనియే చెప్పవలెను.

అయినను భైరవభట్ల జగన్నాథ సిద్ధాంతిగారికి అందువలన కించిత్తును చింత లేకుండెను. మూడు తరములుగా పంచాంగగణనమునందు పేరెన్నికగన్న వంశమున జన్మించిన యా మహానుభావుడు కంప్యూటరనునది పెద్ద పెద్ద కచేరీలయందు తప్ప కానరాని ఆ దినములలోనే విశాఖపట్టణమునుండి యొకదానిని బండిమీద తెప్పించి వీధిగదిలో ప్రతిష్ఠించి పసుపు కుంకుమలతో పూజించి గ్రహగణితము నేర్పియుండెను. గణితముకంటెను ఆయనకు ఎక్కువ ముచ్చట గొల్పినది ఆ యంత్రముతో కూడవచ్చిన చిన్న గడియారము. మీటలు రెండు కలిపి నొక్కినంతనే తెరయొక్క కుడిమూలను అగ్గిపెట్టెయంత చతురస్రము పొడసూపి అందు గంటలును నిమిషములును ఆకుపచ్చని అంకెలుగా వెలుగుచుండెడివి. సిద్ధాంతిగారు ప్రతిదినము ప్రాతఃకాలమున రేడియోవారు చెప్పు వేళతో దానిని సరిచూచి ఒక్క నిమిషమైనను తేడా లేదని పొంగిపోయి వచ్చినవారికెల్ల చూపి తాతగారినాటి గోడగడియారమునకు తాళము త్రిప్పుటయే మానివేసిరి. కొత్తొక వింత పాతొక రోత యని పెద్దలు ఊరకనే అనలేదు.

ఆనాడు ఆయన యేకైకపుత్రిక హైమవతి తొలికాన్పునకు పుట్టింట నొప్పులు పడుచుండెను. ఆమె భర్త చయనులు సరకుల యోడలో ఇంజనుపని చేయువాడు. సెలవు తీరినందున ఆ సంధ్యాసమయమున రైలెక్కి మరునాడు ఓడ చేరవలసినవాడు. ఓడ కదలినచో మరల ఏడాదికిగాని ఇల్లు చూడడు. అందువలన ఆ ఇంట అందరి మనోరథమును ఒక్కటియే. శిశువు సాయంకాలములోపల జన్మింపవలెను. తండ్రి యా ముఖమును కన్నులార చూచి పోవలెను.

దీనికొక్కటే విఘ్నము. సిద్ధాంతిగారి గణితము ప్రకారము ఆనాడు హస్తానక్షత్రము మధ్యాహ్నము మూడుంబావు వరకే యుండి పిమ్మట చిత్త ప్రవేశించును. హస్తలో పుట్టినచో చింత లేదు. చిత్త ప్రథమపాదమున పుట్టినచో తండ్రికి గండము. నక్షత్రము మరల వచ్చినపుడు శాంతి చేసి నూనెలో ప్రతిబింబము చూపించునంతవరకు తండ్రి శిశుముఖమును చూడరాదని శాస్త్రము. ఆ నక్షత్రము మరల వచ్చునప్పటికి చయనులు నడిసముద్రములో ఉండును.

ఇట్టి సందిగ్ధవేళ సిద్ధాంతిగారు వంశాచారమును పురస్కరించుకొని ఇంటివారి కొక కట్టడి చేసిరి. జననకాలమును చూచువాడు ఒక్కడే యుండవలెను. ఇద్దరు చూచినచో ఒక శిశువునకు రెండు జాతకములగును. కావున ఎవరును తమ చేతిగడియారములవైపు కన్నెత్తి చూడరాదు. ఇట్లాజ్ఞాపించి తాను తెరయెదుట పద్మాసనస్థుడై గడియారమును మూలను నిలిపి పుట్టినవెంటనే జాతకము సిద్ధము కావలెనను ఆరాటమున ఆనాటి గ్రహస్ఫుటములను, అనగా గ్రహములుండు చోట్లను, ముందుగానే గుణింపుమని యంత్రమును పనిలో పెట్టిరి. యంత్రము గుర్రుమనుచు గుణించుచుండెను. సిద్ధాంతిగారు కన్నులు మూసికొని ఇష్టదైవమును జపించుచుండిరి.

అంతలో లోపలినుండి శిశురోదనము వినవచ్చెను. ఆయన దిగ్గున కన్నులు తెరచి తెరమూలను చూడగా మూడుగంటల పదినిమిషములు. ఇంకను హస్త! మంత్రసాని అప్పలనరసమ్మ తలుపు ఓరగా తెరచి "ఆడబిడ్డ పుట్టినాది బాబూ. తల్లీ పిల్లా కులాసా" అనెను. సిద్ధాంతిగారు ఆనందాశ్రువులు తుడుచుకొనుచు అల్లునితో దోషము లేదనియు నూతికడ స్నానము చేసి వచ్చి బిడ్డను చూడవచ్చుననియు చెప్పి ఇరుగుపొరుగువారికి బెల్లము పంచుటకై తామే వీధిలోనికి పోయిరి.

బెల్లము పంచి ముచ్చటలాడి తిరిగివచ్చి తెర చూచుసరికి గడియారమింకను మూడుగంటల పదినిమిషములే చూపుచుండెను. కన్నులు నులిమికొనిరి. అద్దము తుడిచిరి. ఇంతలో యంత్రము గుణింపు ముగించి అంకెలన్నియు తెరపై క్రుమ్మరించెను. క్రుమ్మరించినంతనే మూలనున్న గడియారము నడుమనున్న నిమిషములను ఒక్కటియు చూపక కప్పవలె దుమికి మూడున్నరకు చేరెను.

సిద్ధాంతిగారు అందులో కొంత గణితమును మరల ఇచ్చి చూచిరి. గడియారము మరల నిలిచెను. పని తీరినంతనే మరల దుమికెను. అప్పటికిగాని ఆయనకు సగమైనను బోధపడలేదు. యంత్రమునకు చిత్తమొక్కటే. దానికి వేరుపని పెట్టినచో వేళ చెప్పుట మరచిపోవును. ఇన్నినాళ్లు ప్రాతఃకాలమున ఏ పనియు పెట్టకమునుపు సరిచూచుటచే ఆ దోషము కంటబడలేదు. సోమరియై కూర్చుండునపుడు మాత్రమే నిజము చెప్పునట్టి యా గడియారమును నమ్మి తన మనుమరాలి పుట్టువును దాని చేతిలో పెట్టితిని గదాయని ఆయన నొచ్చుకొనిరి.

శిశువు కేక వేసినపుడు గడియారము నిలిచి ఎంతసేపయ్యెను? పుట్టినది మూడుంబావునకు ముందో వెనుకో? అడుగుదమన్న అందరి కన్నులకును గంతలు కట్టినవాడు తానేగదా! అప్పలనరసమ్మ నడుగగా పిల్లను పట్టుకొనుట తన పనియనియు వేళ పట్టుకొనుట ఆయన పనియనియు చెప్పెను. భార్య నడుగగా ఆమె తాళము త్రిప్పని గోడగడియారమువైపు ఒక్క చూపు చూచెను. బెల్లము పంచుటకెంత పట్టెనో పొరుగువారి నడిగిరి. ఒకరు క్షణమనిరి. ఒకరు అరగంట యనిరి. తన జపమెన్ని ఆవృత్తులయ్యెనో లెక్కింపబోగా నడుమ కునుకు పట్టెనేమోయని మరియొక సందేహము పుట్టెను. ఆకాశమువంక చూచిరి. ఆకాశము కంబళి కప్పుకొని పరుండెను. హస్తయనుకొన్నచో అల్లుని ప్రాణముతో జూదమాడినట్లు. చిత్తయనుకొన్నచో తండ్రికిని బిడ్డకును ఏడాది యెడబాటు. ముందు నుయ్యి వెనుక గొయ్యి.

ఇట్లాయన కొట్టుమిట్టాడుచుండగా చయనులు స్నానమొనర్చి తడిబట్టలతో పురిటిగది గడపకడకు వచ్చెను. సిద్ధాంతిగారు చేతులడ్డము పెట్టిరి. జరిగినదంతయు తడబడుచు చెప్పిరి. చయనులు గోడవైపు మొగము త్రిప్పుకొని నిలిచెను. తలనుండి నీరు కారుచుండెను. అది నీరో కన్నీరో చూచువారికి తెలియలేదు. రైలుకు వేళయగుచున్నదని ఎవరో వీధినుండి కేకవేసిరి. అప్పుడతడు మెల్లగా నిట్లనెను.

"మీరు కూడదంటే చూడను మావయ్యగారూ. మీరు చూశారు గదా, ఎలా ఉందో చెప్పండి. ఎవరి పోలిక?"

 పుట్టినది మొదలు సిద్ధాంతిగారు తెరను చూచిరి. ఆకాశమును చూచిరి. పొరుగువారి మొగములను చూచిరి. బిడ్డను చూడనేలేదు. తాతయైనవాడు ఎదుటిగదిలోని మనుమరాలిని చూడక ఆమె పుట్టిన నిమిషమునకై ఊరెల్ల వెదకుచుండెను. ఆ సిగ్గు వర్ణనాతీతము.

ఆయన గడప దాటి లోనికి పోయిరి. హైమవతి అలసిన కన్నులతో తండ్రిని చూచి "ఇప్పటికి తీరికైందా నాన్నగారూ?" అని మాత్రమనెను. ప్రక్కనున్న పాతచీరె మడతలో ఎఱ్ఱని చిన్ని మొగము కన్నులు చిట్లించి పిడికిలి నోట పెట్టుకొని లోకమునంతను తప్పుపట్టుచున్నట్లు ముడుచుకొనియుండెను. సిద్ధాంతిగారు ఆ మొగమున హస్తను వెదకిరి. చిత్తను వెదకిరి. ఏదియు కానరాలేదు. నుదురు మాత్రము అచ్చముగా గోడవైపు తిరిగి నిలిచిన వానిదే. పురిటి మైల యని గాని ఇంకను స్నానము చేయలేదని గాని ఆయనకు తోచలేదు. బిడ్డను రెండుచేతుల నెత్తుకొని గడప యీవలకు వచ్చి అల్లుని భుజము తట్టిరి.

"చూడు నాయనా. దోషమేదైనా ఉంటే అది గడియారం చూసినవాడిది."

చయనులు తిరిగి చూచెను. చూచి వంగి ఆ చిన్ని శిరమును మూర్కొనెను. ఆ సంధ్యనే రైలెక్కి పోయెను.

తరువాతి కథ చెప్పవలసినది కొంచెమే. ఆ ఏడాదియంతయు సముద్రమున వాయుగుండమని రేడియో చెప్పినపుడెల్ల సిద్ధాంతిగారికి అన్నము సహించెడిది కాదు. తాను చేసినది ధైర్యమో తెగింపో ఆయనకే తెలియదు. అల్లుడు క్షేమముగా తిరిగివచ్చినపిమ్మటను ఆ సందేహము తీరలేదు. క్షేమము నక్షత్రమును నిరూపింపజాలదుగదా. కాలమును కొలుచుటకు మానవుడు చేసికొన్న సాధనము లెన్నియో కలవు. అవి అన్నియు ఏదో యొక క్షణమున పరాకుగా నుండును. కొలుచువాడును అంతియే. లోకమంతటికి జన్మనక్షత్రములు చెప్పు ఆ ఇంట ఆ బాలిక నక్షత్రమేదని ఎవరైన నడిగినచో సిద్ధాంతిగారు గుణించి చెప్పరు. "వాళ్ల నాన్న చూసిన వేళకు పుట్టింది" అని చెప్పి ఊరకుందురు.