కొలకర్ర పక్కన మనిషి

నలుపు, తెలుపు. నలుపు, తెలుపు.

జానెడు జానెడుకీ పట్టీలు వేసిన కొలకర్ర. వెనక కొండ అంచు. కర్ర పక్కన ఒక మనిషి... తల అటు తిప్పుకొని.

ఆ మనిషి ఆమె నాన్న.

సర్వే ఫొటోలన్నీ అంతే. కొండ ఎంత ఎత్తో తెలియడానికి ఒక కర్ర, కర్ర పడిపోకుండా ఒక మనిషి. అతను కెమెరా వైపు చూడకూడదు. కదలకూడదు. సర్కారుకు కొండ ఎత్తు కావాలి గానీ, కర్ర పట్టినవాడి మొహం దేనికి?

ఆ సర్వే ఆఫీసులోనే ఆమె ఇప్పుడు పటాలు గీస్తుంది. పాత ఫొటో మీద పల్చటి కాగితం పరిచి, సిరాతో కొండను గీస్తుంది, వాగును గీస్తుంది, కర్రను గీస్తుంది. మనుషుల్ని గీయకూడదు. అది రూలు.

ఆమెకు మూడేళ్ళప్పుడు నాన్న కొండ మీంచి జారి పడి చనిపోయాడు. తెలిసింది అంతే. ఇంట్లో ఒక్క ఫొటో లేదు.

అమ్మకు చూపు తగ్గిపోతోంది. పూర్తిగా పోయేలోపు ఆయన మొహం ఒక్కసారి చూడాలని ఉందట. అడిగినట్టు కాదు... బట్టలు మడతపెడుతూ అంది.

ఆమె వెతికింది. పెట్టె తరవాత పెట్టె. వీపు. చెవి. టోపీ నీడ. మళ్ళీ వీపు — రాయిలా నిలబడ్డ వీపు.

చివరి పెట్టెలో దొరికింది. ఒకే ఒక్కసారి నాన్న ఇటు తిరిగాడు.

మొహం ఉండాల్సిన చోట పొగలాంటి మరక. అంచున ఎర్ర పెన్సిలు రాత — ‘మనిషి కదిలాడు. పనికిరాదు. మళ్ళీ తీయాలి.’

ఇంటికి తెస్తే, అమ్మ దాన్ని కంటికి ఆనించుకొని చాలాసేపు చూసింది.

“ఈ మధ్య అందరి మొహాలూ నాకిలాగే ఉంటున్నాయిలే. ఈయనే.”

గొంతు తగ్గించి చెప్పింది.

“ఆ రోజు క్యారేజీ పట్టుకెళ్ళాం. నువ్వు నా చంకలో ఉన్నావు. నాన్నా అని పిలిచావు. పిలిస్తే పలకని మనిషి కాదు కదా... తిరిగారు. ఫొటో చెడిపోయిందని మళ్ళీ నిలబడమన్నారు. ఇంకో అడుగు వెనక్కి.”

ఆమె ఫొటో తిప్పి, వెనకున్న తేదీ చూసింది.

మర్నాడు ఆఫీసులో ఆ పెట్టెలోని తరవాతి ఫొటో బల్ల మీదికొచ్చింది. అదే కొండ. అదే తేదీ. అదే కర్ర.

మనిషి వేరు.

ఆ సాయంత్రానికే ఇంకొకర్ని నిలబెట్టారు. ఇతను కదల్లేదు. ఫొటో పనికొచ్చింది.

ఆమె కాగితం పరిచింది. కొండ గీసింది. మనిషి ఉన్నచోట ఖాళీ వదిలింది.

నలుపు, తెలుపు. నలుపు...

నాన్నా అన్న మాట నోటిదాకా వచ్చింది. పెదవులు బిగబట్టింది — ఎవరైనా కదులుతారేమోనని.