ఎత్తని చెయ్యి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మా గీతికకు ఊపిరాడని క్షణంలో నాకు మాట రాకపోవడం.

ఊరికే ఊహించుకున్న భయం కాదిది, ఒకసారి జరిగింది. అప్పుడు మేము జర్మనీలో, హార్ట్స్ కొండల్లో బెర్గన్‌రోడ అనే చిన్న యూనివర్సిటీ ఊళ్ళో ఉండేవాళ్ళం. నవంబరు నెల. నాలుగింటికే చీకటి పడింది, వాన కిటికీని కొడుతోంది. మా ఆయన అఖిలేష్ ఇంకా పని నుంచి రాలేదు. మూడేళ్ళ గీతిక బొమ్మలతో ఆడుకుంటూ ఉన్నట్టుండి దగ్గడం మొదలుపెట్టింది. మామూలు దగ్గు కాదు, కుక్కపిల్ల మొరిగినట్టుంది. గొంతు కింద గుంట పడుతోంది, పెదవుల రంగు మారుతోంది. అంబులెన్సుకు ఫోన్ చేశాను. అవతల ఒకాయన ఏదో అడిగాడు. ఏడాదిగా నేర్చుకున్న జర్మన్ ఒక్క ముక్క గుర్తు రాలేదు. తెలుగు కూడా రాలేదు. ఏం చెయ్యాలో తోచక ఫోన్ తీసి పాప నోటి దగ్గర పెట్టాను. ఆ దగ్గు ఆయనే విన్నాడు. మా ఇల్లు ఎట్లా కనుక్కున్నారో నాకు ఇప్పటికీ తెలియదు, వచ్చేశారు.

మా ఊరి ఆస్పత్రిలోనే పిల్లల వార్డు ఉండబట్టి సరిపోయింది. రెండో అంతస్తులో, కిటికీ అద్దాల నిండా నీలం చేపల బొమ్మలున్న వార్డు. మందు పొగ పట్టాక పాప ఛాతీ మెల్లగా కుదురుకుంది. నర్సు నా చేతికి టీ ఇచ్చింది. అది చల్లారిపోయేదాకా పట్టుకుని ఆ చేపల వంకే చూస్తూ కూర్చున్నాను.

ఆ వార్డు మూసేస్తారని డిసెంబరులో తెలిసింది. వైద్యం ఖర్చు మోయలేకపోతున్నామని రాష్ట్ర ప్రభుత్వం కొత్త బడ్జెట్‌లో దానికిచ్చే డబ్బు తీసేసింది. ఇకమీదట పిల్లలకు ఏమైనా అయితే కొండ దిగి పెద్ద ఊరికి పోవాలి. మంచు పడితే ఆ దారి ఎప్పుడు తెరుస్తారో చెప్పలేం.

మా ఊరి ఎమ్మెల్యే ఫ్రావ్ ఓస్టర్‌వాల్డ్. ఫ్రావ్ అంటే మన శ్రీమతి లాంటిది. ఎమ్మెల్యే అని నేనే అంటున్నాను, మనకు అర్థం కావాలని. అరవై దాటిన మనిషి. అంతకుముందు బడిలో పిల్లలకు సంగీతం చెప్పేదట. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆవిడ అధికార పార్టీ మనిషే. అయితే ఆ ప్రభుత్వం నడిచేది ఒక్క ఓటు ఆధిక్యంతో. "ఆ వార్డుకు డబ్బు తిరిగి పెట్టేదాకా ఈ బడ్జెట్‌కు నా చెయ్యి లేవదు" అని ఆవిడ సభలో నిలబడి చెప్పింది. అన్నట్టే చెయ్యి లేవలేదు. బడ్జెట్ ఆగిపోయింది.

నాకు పట్టరాని సంబరం. టీవీలో ఆవిడ కనిపిస్తే గీతికను ఎత్తుకుని, "సూడు, నీ చేపల కోసం కొట్లాడుతుంది" అని చూపించేదాన్ని. "మైనె ఫిషె! నా చేపలు!" అని అది గంతులేసేది.

జనవరిలో ఒకరోజు గీతికను బాలబడిలో, అదే కీటాలో, దింపడానికి వెళ్తే పాటల క్లాసు గది తలుపు మీద కాగితం అంటించి ఉంది. 'హౌస్‌హాల్ట్‌స్పెరె' అని పెద్ద అక్షరాలు. హౌస్‌హాల్ట్ అంటే ఇల్లు, సంసారం అని జర్మన్ క్లాసులో చెప్పారు. స్పెరె అంటే మూసెయ్యడం, రాకుండా అడ్డం పెట్టడం. నా చదువు ఇంటర్ రెండో ఏడు మధ్యలోనే ఆగింది. నాకున్న తెలివితో రెండూ కలుపుకున్నాను. ఉరుకుల మీద ఇంటికొచ్చాను. ఆ రోజు అఖిలేష్ ఇంట్లోంచే పని చేస్తున్నాడు.

"అఖీ, మన ఇల్లు మూస్తరట!"

"ఎవరు మూస్తరే?"

"గవర్నమెంటోళ్ళు. కీటాల కాగితం పెట్టిన్రు. హౌస్‌హాల్ట్‌స్పెరె అని."

అఖిలేష్ కుర్చీలోంచి పడిపోతాడేమో అన్నట్టు నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, హౌస్‌హాల్ట్ అంటే బడ్జెట్ గూడ. బడ్జెట్ పాస్ గాలేదు గదా, కొత్త ఖర్చులన్నీ ఆపిన్రు. అమెరికాల షట్‌డౌన్ అంటరు సూడు, కొంచెం గసొంటిదే. ఇల్లు మూస్తరట, ఇల్లు!"

అంటూ అంటూనే నవ్వు ఆపేశాడు. లాప్‌టాప్ వైపు తిరిగి ఏదో మెయిల్ వెతికి చదువుకున్నాడు.

ఆయన పని చేసేది రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో నడిచే యూనివర్సిటీ ప్రాజెక్టులో. ఫిబ్రవరి ఆఖరుతో కాంట్రాక్టు అయిపోతుంది. ఏటా జనవరిలో కొత్తదాని మీద సంతకం పడేది. ఈసారి బడ్జెట్ వచ్చేదాకా ఎవరి కాంట్రాక్టూ ముట్టుకోవద్దని పైనుంచి మాట వచ్చిందట. ఆయన ఉద్యోగం మీదే బ్లూ కార్డు, ఆ కార్డు మీదే మేమిక్కడ ఉండటం.

"నువ్వే కరెక్టు చదివినవే," అన్నాడు మెల్లగా. "మన ఇల్లే."

ఆ ఊళ్ళో తెలుగువాళ్ళకు పెద్దదిక్కు జనార్దనరావు అన్న. యూనివర్సిటీలోనే పర్మనెంటు ఉద్యోగం. సంగతి తెలిసి ఆదివారం పొద్దున్నే వచ్చి సోఫాలో కూర్చున్నాడు.

"తమ్మీ, ఆ ముసలామె ఒక్కతి మొండికేస్తే ఎందరి పొట్టల మీద కొట్టినట్టయితుందో సూస్తున్నవా? ప్రతి శుక్రవారం జనాన్ని కలుస్తది. పోయి అడుగుండ్రి, చెయ్యి ఎత్తమని."

"నా జర్మన్ నీకెర్కనే గదన్నా," అన్నాడు అఖిలేష్. "హలో, పోయేటప్పుడు చ్యూస్. గంతే."

"నిన్ను మాట్లాడమన్నదెవరు? చెల్లె మాట్లాడుతది. కీటా కాడ ఆ అమ్మలతోటి ముచ్చట్లు పెట్టి మంచిగ నేర్సింది. చెల్లె, పిల్లనెత్తుకొని పో. జర ఏడుపు మొహం పెట్టు."

"పెట్టుడెందుకన్నా, వస్తనే ఉన్నది."

"గదే గావాలె!" అని తొడ మీద చరుచుకున్నాడు అన్న.

ఏం చెప్పాలో కూడా ఆయనే నేర్పాడు. 'బిట్టె గేబెన్ జీ నాఖ్'. దయచేసి పట్టు వదలండి అని. వారమంతా కూర కలుపుతూ, గిన్నెలు కడుగుతూ అదే వల్లించాను. అఖిలేష్ పక్కన నిలబడి వినేవాడు. కాదు, వద్దు అనడానికి జర్మన్‌లో 'నిష్ట్' అంటారు. మొదట్లో అది నాకు మన నిష్ఠలాగే వినిపించేది, అట్లాగే గుర్తుపెట్టుకున్నాను, ఎక్కడ పడితే అక్కడ వాడేదాన్ని. అదే ఆయన ఎగతాళి.

"నిష్ఠ తల్లీ, ఆడ మాత్రం నీ నిష్ఠ తియ్యకు. ఒక్క నిష్ట్ ఎక్కువ పడ్డదంటే మన కొంప మునుగుతది."

"అంత భయమైతే నువ్వే మాట్లాడు."

"అమ్మో, నేను మాట్లాడితే ముందే మునుగుతది."

శుక్రవారం ముగ్గురం వెళ్ళాం. ఆవిడ ఆఫీసు ఆస్పత్రికి ఎదురుగానే, మేడ మీద. కింద ఆకుపచ్చ తలుపు మీద ఎవరో గుడ్లు విసిరిన మరకలు, సరిగా తుడిచినట్టు లేవు. మెట్ల మీద జనం. రోడ్డు పనులు ఆగిపోయిన వాళ్ళు, క్లబ్బుకు డబ్బు రాని వాళ్ళు. మా ముందు వెళ్ళినాయన బయటికి వస్తూ తలుపు ఎంత గట్టిగా వేశాడంటే గీతిక నా మెడ పట్టుకుంది.

ఆవిడ శాలువా కప్పుకుని కూర్చుంది. గొంతు బొంగురుపోయింది. ముందు గీతికకు ఒక చిన్న నారింజ వొలిచి ఇచ్చింది, ఆ తర్వాతే మా వైపు చూసింది.

"మీరు కూడా చెయ్యి ఎత్తమనే వచ్చారా?"

అఖిలేష్ ఇంగ్లీషులో ఉన్నదంతా చెప్పాడు. కాంట్రాక్టు, బ్లూ కార్డు, ఫిబ్రవరి. ఆవిడ మధ్యలో అడ్డు రాలేదు. తర్వాత నాకూ అర్థమయ్యేలా జర్మన్‌లో నెమ్మదిగా అంది, "నాకు తెలుసు. మీలాంటి వాళ్ళ పేర్లు నాకు గుర్తున్నాయి. కానీ ఆ వార్డు నష్టంలో ఉందంటారు. ఎందుకని అడిగితే పిల్లలు తక్కువగా వస్తున్నారట. మరి ఎక్కువమంది పిల్లలు జబ్బు పడాలని నేను చర్చికి పోయి మొక్కుకోవాలా?"

ఆ లోపల గీతిక కిటికీ దగ్గరికి పోయింది.

"అమ్మా, అదిగో! మైనె ఫిషె!"

వీధికి అవతల ఆస్పత్రి రెండో అంతస్తు. దీపాల వెలుగులో నీలం చేపలు. గీతిక వెనక్కి తిరిగి, ఆవిడకు ఆ కథంతా చెప్పాలనుకుందో ఏమో, గొంతు పట్టుకుని ఆ రోజు దగ్గినట్టు దగ్గి చూపించింది. కుక్కపిల్ల మొరిగినట్టు. ఆట కోసమే. అయినా దాన్ని దగ్గరికి లాక్కున్నాను.

ఇక నా వంతు. అఖిలేష్ నా వైపు చూశాడు.

"బిట్టె," అన్నాను. "గేబెన్ జీ..."

అక్కడే గొంతు ఆగిపోయింది. మళ్ళీ నవంబరే. ఆవిడ ఓపికగా చూస్తోంది. అఖిలేష్ నా మోచేతిని తాకాడు, మిగిలింది ఒక్క ముక్కే అన్నట్టు. నాకు గీతిక నారింజ తొన నమిలే చప్పుడు వినిపిస్తోంది. మధ్య మధ్య దాని ఊపిరి. ఏ అడ్డూ లేకుండా, మామూలుగా.

"...నిష్ట్ నాఖ్."

పట్టు వదలకండి.

ఆవిడ తప్పు విన్నాననుకుని మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. ఈసారి ఎక్కడా ఆగలేదు. ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. వ్యాకరణం దేవుడికెరుక. "మా ఆయన పనిమంతుడు. ఇంకో ఊళ్ళో పని వెతుక్కుంటాడు. ఈ ఊరి పిల్లలు ఇంకో ఊరికి చేరేదాకా ఊపిరి బిగబట్టుకోలేరు" అన్నాను.

ఆవిడ లేచి వచ్చి నా చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. ఆ చేతులు చల్లగా ఉన్నాయి. "ఈ గదిలోకి వచ్చి ఈ మాట చెప్పింది మీరొక్కరే" అంది. మేం దిగుతుంటే మెట్ల పైనుంచి గీతికకు చెయ్యి ఊపింది.

బస్టాపులో మంచు పడుతోంది. ఆవిడతో జర్మన్‌లో నేనన్న మాటలు అఖిలేష్‌కు తెలుగులో చెప్పాను. మొగుడి ఉద్యోగం నా నోటితో నేనే పోగొట్టానా అనుకున్నాను.

"నోరు జారిందా?" అన్నాడు చివరికి.

"లేదు."

"తెలిసే అన్నవా?"

"తెలిసే అన్న."

బస్సు దీపాలు దూరంగా కనిపించాయి.

"నేను పనిమంతుణ్ణని ఎవరు జెప్పిన్రు నీకు?"

"ఎవరూ జెప్పలే. అబద్ధమాడిన."

నవ్వాడు. గీతికను భుజాల మీదికి ఎక్కించుకున్నాడు. "ఆ రోజు నేను ఇంట్ల లేను," అన్నాడు. "ఫోన్ పట్టుకొని నువ్వెట్ల కొట్టుకున్నవో సూడలే. నువ్వు సూసినవ్. నువ్వంటే నేనన్నట్టే." నాకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ మనిషి అంత ఎత్తుగా ఎప్పుడూ కనిపించలేదు. భుజాల మీద పిల్ల ఉందని కాదు.

జనార్దనరావు అన్న మాత్రం, అఖిలేష్ బస్సులోంచి పెట్టిన మెసేజ్ చూసి, మేం ఇంటికి చేరకముందే ఫోన్ చేశాడు.

"ఏం చెల్లె, లీడరమ్మవైనవట? గా నిష్ట్ ముక్క ఒక్కటి మింగితే ఏం బోయేది?"

"గొంతుల ఇరికిందన్నా. మింగుడు పడలే."

ఫ్రావ్ ఓస్టర్‌వాల్డ్ పట్టు వదల్లేదు. మార్చిలో ప్రభుత్వమే దిగివచ్చింది. వార్డుకు డబ్బు మళ్ళీ పెట్టారు. ఆ రోజు టీవీలో ఆవిడ చెయ్యి పైకి లేవడం చూశాం. మా ఇంట్లో అట్టపెట్టెల మధ్య కూర్చుని చూశాం, ఎందుకంటే అప్పటికి అఖిలేష్ కాంట్రాక్టు అయిపోయింది. కార్డు గడువు దాటకుండా హాంబర్గ్‌లో ఓడల సరుకు లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ పని దొరికింది. నేనాడింది అబద్ధం కాదన్నమాట.

సామాను ఎక్కించడానికి జనార్దనరావు అన్నే వచ్చాడు. వ్యానులో పెట్టెలు సర్దుతూ అంతసేపూ గొణిగాడు. "ఇంత నిష్ఠ గల తల్లిని ఎక్కడ జూడలే. వద్దురా అంటే వినకపోతిరి." తలుపు వేశాక మాత్రం, "సిగ్గులేక ఆఫీసుల అందరికి నీ ముచ్చటే జెప్పుకుంటున్న చెల్లె, మా చెల్లె గిట్లన్నదని," అని మొహం అటు తిప్పుకున్నాడు.

హాంబర్గ్‌లో గాలి ఎక్కువ. గీతిక దగ్గినప్పుడల్లా నేనింకా ఉలిక్కిపడతాను. కానీ మాట రాదేమోనన్న భయం మునుపంత లేదు. ఒకసారి రావలసిన చోట వచ్చింది కదా అనుకుంటాను. బెర్గన్‌రోడలో ఏ పిల్లకైనా ఈ చలికాలం ఊపిరి అందకపోతే ఆ చేపల కింద పడుకోబెడతారు. అందులో మా ఇంటి వంతు కూడా ఉందని నేను గర్వంగానే చెప్పుకుంటాను.

ఫ్రావ్ ఓస్టర్‌వాల్డ్‌ను మాత్రం వాళ్ళ పార్టీ క్షమించలేదు. తర్వాతి ఎన్నికలకు టికెట్ ఇవ్వలేదు. ఆ చలికాలం నష్టపోయిన వాళ్ళు కొందరు ఇప్పటికీ పలకరించరట. ఆవిడ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదు. ఆదివారాలు ఫోన్ చేసి గీతికకు పాటలు నేర్పేది, నాకోసం మాటలు విడదీసి నెమ్మదిగా మాట్లాడేది. ఈ మధ్య ఆ ఫోన్ రావడం లేదు. నేను చేస్తే మోగి మోగి ఆగిపోతోంది. ఆఖరిసారి మాట్లాడినప్పుడు ఆవిడ గొంతులో మళ్ళీ ఆ బొంగురు వినిపించింది. జనార్దనరావు అన్న చూసొచ్చేవాడే, కానీ కుటుంబంతో ఇండియా వెళ్ళాడు.

ఇది చదివే మన పిల్లల్లో కొందరు ఆ ఊరి యూనివర్సిటీలోనే చదువుకుంటున్నారని తెలుసు. ఆస్పత్రికి ఎదురుగా ఆకుపచ్చ తలుపు. ఆఫీసు తీసేసినా ఆవిడ ఉండేది ఆ పై వాటాలోనే. ఒకసారి వెళ్ళి బెల్లు కొట్టండి. మోకాళ్ళ నొప్పులు, మెట్లు దిగడానికి ఆలస్యమవుతుంది, కాసేపు ఆగండి. తీస్తే గీతిక వాళ్ళమ్మ పంపిందని చెప్పండి. ఎట్లా ఉందో నాకు కబురు పెట్టండి.

తియ్యకపోతే, వెనక్కి రాకండి. పక్కింటివాళ్ళను పిలవండి.