జాడగాడు

జహీరాబాద్ స్టేషన్ రోడ్డు మీద రేవణసిద్ధప్ప దుకాణం పొద్దున ఏడింటికల్లా తెరుచుకునేది. కోడలు గిరిజమ్మ గడప కడిగి, వెనక అర్రలోకి పోయి, రాత్రి నూరిపెట్టిన, పళ్లు తోముకునే పండ్ల పొడిని కాగితం పొట్లాల్లో నింపేది. యుద్ధం మొదలై నాలుగేళ్లు దాటింది. బొంబాయి నుంచి రావలసిన కంపెనీ పండ్ల పొడి, సబ్బులు, తలనూనె రాక చాలా కాలమైంది. అందుకని రేవణసిద్ధప్ప కొన్ని సరుకులు ఇంట్లోనే చేయించి, వాటికి తనే పేర్లు పెట్టాడు. పండ్ల పొడి హంస మార్క. శీకాయ పొడి నెమలి మార్క. నశ్యం ఒంటె మార్క. పొట్లాల మీద బొమ్మలు వేసేది గిరిజమ్మ. హంస మెడ ఆమెకు ఎప్పుడూ కుదరలేదు. రాయికోడ్ రైతులు వచ్చి "బాతు మార్క పొడి ఇయ్యి" అని అడిగితే రేవణసిద్ధప్ప దిద్దకుండా ఇచ్చేవాడు. ఈ కంపెనీ ఏ ఊర్లో ఉందని ఎవరైనా అడిగితే మాత్రం, "మా వెనక అర్రల" అని నిజమే చెప్పేవాడు.

ఈ విద్య ఆయనకు బొంబాయిలో అబ్బింది. వయసులో ఉన్నప్పుడు అక్కడ ఒక పెద్ద దుకాణంలో ఆరు నెలలు మూటలు మోశాడు. "దుకాణం పేరు మీద అమ్మే సబ్బు, కంపెనీ పేరు మీద అమ్మే సబ్బు ఒకటే కార్ఖానల తయారైతయి నసీర్ భాయ్. పైన కాగితమొక్కటే వేరే" అని రోజుకోసారి చెప్పేవాడు.

నసీర్ భాయ్ అంటే పక్కింటి నసీరుద్దీన్. హైదరాబాదులో ఒక జాగీర్దారు ఉండే దేవిడీలో ఇరవై రెండేళ్లు కుక్కలను సాకి, మోకాళ్లు పట్టేశాక సొంత ఊరికి వచ్చేశాడు. దేవిడీకి వచ్చిపోయే కుక్కల డాక్టరు దగ్గర విని నేర్చుకున్న సంగతులు ఆయన దగ్గర బస్తాడున్నాయి. దుకాణం ముందు బల్ల మీద కూర్చుని, చాయ్ సాసర్లో పోసుకుంటూ ఒక్కొక్కటే తీసేవాడు.

"టెర్రియర్ అంటే ఏంది, చెప్పు సావుకార్."

"ఏమో. నువ్వే చెప్పు."

"ఫ్రెంచోళ్ల మాటల మన్ను. మంట్ల బొక్కలు తవ్వి దూరుతది, అందుకని ఆ పేరు. మరి పూడిల్?"

"అది మొన్ననే చెప్పినవు. నీళ్లల్ల దబదబ కొట్టుకునేది."

"శభాష్. అది జర్మనోళ్ల మాట. ఆల్సేషియన్ ఉన్నదే, అది గూడ జర్మనోళ్ల కుక్కనే. పోయిన లడాయిల ఇంగ్లీషోళ్లకు ఆ దేశం పేరు పల్కబుద్ధి కాక మార్చిన్రు. కుక్క అదే."

"కాగితమొక్కటే వేరే" అనేవాడు రేవణసిద్ధప్ప సంబరంగా.

ఆ బల్ల కింద ఒక పసుపు రంగు వీధికుక్క పడుకునేది. దాని కళ్లలోకి చూసి ఏ జాతి పేరు పిలిస్తే అది ఆ జాతి కుక్క అయ్యేది. నసీరుద్దీన్ మొదటిసారి బుల్‌డాగ్ అని పిలిచినప్పుడు దాని ముక్కు లోపలికి పోయి, కాళ్లు వంకరై, గురక మొదలైంది. నశ్యం కొనడానికి వచ్చిన నారమ్మ "జర జరుగు" అని దాన్ని దాటుకుని లోపలికి పోయింది. ఒక తునక జొన్నరొట్టె తింటే మళ్లీ పసుపు కుక్కే. గోదాములో ఎలుకలు ఎక్కువైతే గిరిజమ్మ దాన్ని టెర్రియర్ అని పిలిచి లోపలికి తోలేది. పని కాగానే రొట్టె వేసేది.

ఆ ఏడు ఎండాకాలం నుంచి రేవణసిద్ధప్పకు పేర్లు జారిపోసాగాయి. మొదట పోయింది ఒంటె. "ఆ పొడుగు మెడది ఇటియ్యి" అన్నాడు. తర్వాత గిరాకీల పేర్లు పోయాయి. తర్వాత తొవ్వలు. ఒకసారి రైల్వే గేటు దగ్గర నిలబడి ఇల్లు ఎటో తెలియక ఏడుస్తుంటే గేటు కాసే నర్సింలు చెయ్యి పట్టుకుని తెచ్చాడు. ఇంకోసారి బీదరు రోడ్డు మీద కనబడితే బండివాళ్లు ఎక్కించుకొచ్చారు. ఆ మాపు కొడుకు విరూపాక్ష తండ్రి కాళ్లు కడిగి, పడుకోబెట్టి, వెనక అర్రలో చాలాసేపు ఒక్కడే కూర్చున్నాడు. ఆ తర్వాతివారం సరుకు కోసం హైదరాబాదు పోయినప్పుడు ఒక అలీగఢ్ తాళం కొనుక్కొచ్చాడు.

"బయట తిరగనియ్యకు. అర్రల ఉంచి తాళమెయ్యి" అన్నాడు భార్యతో.

"మనిషిని ఎట్ల తాళమేస్తం?"

"రెండుసార్లు దొరికిండు. మూడోసారి దొరకకుంటే? ఇంకొక్కసారి పోయిండంటే నేనే వేస్త."

అతను చెడ్డ కొడుకైతే గిరిజమ్మ గట్టిగా పోట్లాడేది.

భాద్రపదంలో ఒక పొద్దున ఆమె మామకు చాయ్ తెచ్చి ఇచ్చింది. విరూపాక్ష ఊళ్లో లేడు, సాయంత్రం రైలుకు రావాలి. రేవణసిద్ధప్ప గ్లాసు అందుకుని కోడలి ముఖంలోకి చాలాసేపు చూశాడు. "మంచిగున్నది, బిడ్డా" అన్నాడు. రోజూ గిరిజా అని పిలిచే మనిషి. పొయ్యి మీద ఎసరు పొంగుతున్న చప్పుడు వినబడి ఆమె లోపలికి పరిగెత్తింది. మళ్లీ వచ్చేసరికి బల్ల మీద ఖాళీ గ్లాసు ఉంది. మామ లేడు.

ఆమె నాలుగు జొన్నరొట్టెలు గుడ్డలో కట్టుకుని, నసీరుద్దీన్‌ను లేపి, కుక్కను వెంటబెట్టుకుని బయలుదేరింది. గేటు దగ్గర నర్సింలు ఝరాసంగం వైపు చెయ్యి చూపించాడు. "అటే పోయిండమ్మా. నేను పిలిచిన, పలకలే. బండి వచ్చే యాళ్ల, గేటు ఇడిచి రాలేకపోయిన."

ఊరు దాటి రెండు మైళ్లు పోయాక, బండ్లబాట పక్కన మామ చెప్పు ఒకటి దొరికింది. అక్కడి నుంచి చూపు ఆనినంత దూరం మనిషెత్తు జొన్నచేలు. చేల అవతల వాగు. పడమట మబ్బు నల్లగా దిగింది, ఎక్కడో పైన వాన మొదలైనట్టు గాలి చల్లగా కొడుతోంది.

"నసీర్ భాయ్, జల్ది ఏదన్న పేరు పెట్టి పిలువు" అంది గిరిజమ్మ.

నసీరుద్దీన్ గ్రేహౌండ్ అన్నాడు. కుక్క సన్నగా సాగి బాణంలా దూసుకుపోయింది. కానీ అది కంటితో చూసి పరిగెత్తే జాతి, జొన్నకర్రల్లో దానికి ఏమీ కనబడలేదు. రొట్టె వేసి స్పానియల్ అన్నారు. అది నీళ్లున్న మడుగు వెతుక్కుని పోయి ఒక బాతును పట్టుకొచ్చింది. మళ్లీ రొట్టె. టెర్రియర్ అయ్యి గట్టు తవ్వింది. పాయింటర్ అయ్యి, ముందుకాలు ఒకటి ఎత్తి, పొదలో కౌజుపిట్ట వైపు చూస్తూ బొమ్మలా నిలబడిపోయింది. ఆ గాభరాలో గిరిజమ్మ తునక వేయాల్సిన చోట సగం సగం రొట్టె వేసింది, ఆకలిగా ఉన్న కుక్క మూట మీద కూడా పడింది. చివరికి అరచేయంత ముక్క మిగిలింది.

నసీరుద్దీన్ మోకాళ్లు పట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు. "వాసన పట్టే జాతి ఒకటుండె బేటీ. చెవులు నేలకానేటివి. దేవిడీల ఒక్కటే ఉండె. దాని పేరు నాలిక మీదికొస్తలేదు. నాకు గూడ సావుకార్ లెక్కనే అయితున్నది."

గిరిజమ్మ ఆయన పక్కన కూర్చోలేదు. వాగు చప్పుడు పెరుగుతున్నట్టు ఆమెకు వినబడుతోంది.

"ఆ పేర్లన్నీ ఎవలు పెట్టిన్రు నసీర్ భాయ్?"

"ఎవలంటే? వేటగాండ్లు, గొర్లు కాసెటోళ్లు. ఎవలికి ఏం పని పడితే ఆ పని పేరే పెట్టుకున్నరు."

"మనకు గూడ పని వడ్డది కద."

నసీరుద్దీన్ తలెత్తి చూశాడు. ఆమె కుక్క ముందు గొంతుక్కూర్చుని చివరి రొట్టె ముక్క తినిపించింది. పసుపు కుక్క మూతి నాక్కుంది. మామ చెప్పును దాని ముక్కు దగ్గర పెట్టి, దాని కళ్లలోకి చూసి, "జాడగాడా" అని పిలిచింది.

కుక్క కాసేపు ఏమీ కాలేదు. అలాంటి జాతి ఎక్కడా లేదు మరి, తయారు కావడానికి దానికి కొంచెం సమయం పట్టింది. తర్వాత దాని మూతి పొడుగై ముక్కు తడితడిగా వెడల్పైంది. పాదాలు బురదలో దిగబడనంత పరుచుకున్నాయి. ఒళ్లు పండిన జొన్న రంగుకు తిరిగింది. ఏ దేవిడీలోనూ నసీరుద్దీన్ అలాంటి కుక్కను చూడలేదు. అది చెప్పును ఒక్కసారి మూచూసి, చేలోకి దిగి, పరిగెత్తకుండా, తిన్నగా నడిచింది. వెనక వచ్చేవాళ్లు దూరమైనప్పుడల్లా ఆగి తిరిగి చూసింది.

రేవణసిద్ధప్ప వాగు నడుమ ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. దాటుతూ అలిసిపోయి కూర్చున్నట్టున్నాడు; బండ చుట్టూ ఎర్రనీళ్లు తిరుగుతున్నాయి, అడుగు దించడానికి భయపడుతున్నాడు. జాడగాడు నీళ్లలోకి దిగి, అడుగు ఆనే చోటు ముందు తను చూసుకుంటూ సాగింది. గిరిజమ్మ చీర ఎగ్గట్టి దాని వెనకే అడుగులో అడుగు వేసింది. నీళ్లు ఆమె తొడల దాకా వచ్చాయి. మామ చెయ్యి గట్టిగా పట్టుకుని, అదే దారిన వెనక్కి తెచ్చింది. వాళ్లు ఒడ్డెక్కిన కొద్దిసేపటికి ఆ బండ మునిగిపోయింది.

ముగ్గురూ గట్టు మీద కూలబడ్డారు.

"ఎక్కడికి బయలెల్లినవ్ మామా?"

"ఝరాసంగం."

"ఝరాసంగంల నీకేం పని?"

"మీ అమ్మ ఉన్నది కద." ఆయన తన చెప్పు లేని పాదం వైపు చూసుకున్నాడు. "పొద్దున నువ్వు చాయ్ తెస్తే నీ పేరు యాదికి రాలే. పన్నెండేండ్ల సంది నాకు బువ్వ వెడ్తున్నవు. పేరేందని నిన్నే ఎట్ల అడుగుత? మనసుల పెట్టుకుంటవు. మీ అమ్మను అడిగి, మెల్లగ ఇంటికొచ్చి, నీ పేరు పెట్టి పిలుద్దమనుకున్న."

గిరిజమ్మ కొంగుతో ఆయన పాదం తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది.

"గిరిజ" అంది.

"గిరిజ" అన్నాడాయన. "ఆ, గిరిజ."

"దీనికోసం గింత దూరం ఎందుకు మామా. నన్నే అడుగు. రోజుకు పదిసార్లు అడుగు. చెప్తే నాదేం పోతది."

"ఏమనుకోవు కద?"

"ఏమనుకోను."

రేవణసిద్ధప్ప ఆకలైతున్నదన్నాడు. రొట్టెలు అయిపోయాయని నసీరుద్దీన్ చెప్పాడు. అదెందుకో వాళ్లకు నవ్వొచ్చింది.

సాయంత్రం రైలు దిగి విరూపాక్ష ఇంటికి వచ్చేసరికి తండ్రి ఒంటికి దుప్పటి కప్పుకుని బల్ల మీద ఉన్నాడు. జరిగింది విన్నాడు. తాళం చేతిలోకి తీసుకున్నాడు కానీ అర్ర వైపు పోలేదు. తండ్రి పాదాల మీద మూతి పెట్టుకుని పడుకున్న కుక్కను చూశాడు.

"ఇది ఎప్పటికీ గిట్లనే ఉంటదా?" అని అడిగాడు.

"జొన్నరొట్టె తినకుంటే ఉంటది" అన్నాడు నసీరుద్దీన్.

నసీరుద్దీన్ భార్య అజీజున్నీసా పక్కింటి పరదా వెనక నుంచి, "దానికేం ఫికర్, సజ్జరొట్టె నేను చేసి పంపుత" అంది. విరూపాక్ష తండ్రి పక్కన కూర్చుని, ఆయన చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. మర్నాడు ఆ తాళం సరుకుతో పాటు అమ్ముడుపోయింది.

మూడో రోజు మధ్యాహ్నం రేవణసిద్ధప్ప లేచి చెప్పులు తొడుక్కున్నాడు. జాడగాడు లేచి ఒళ్లు విదిలించుకుంది. ఇద్దరూ రాయికోడ్ బాట పట్టారు. గిరిజమ్మ వాళ్ల వెంట నాలుగడుగులు వేసి ఆగిపోయింది. ఆయన ఒక చోట తప్పుగా మళ్లబోతే, కుక్క పంచె అంచు పళ్లతో పట్టుకుని ఇవతలికి లాగడం ఆమె కళ్లారా చూసింది. వెనక్కి వచ్చి, గోనె పరుచుకుని, నడుం వాల్చింది. ఎండాకాలం నుంచి అప్పటిదాకా ఆమె ఒక కన్ను రోడ్డు మీద పెట్టే పడుకుంది.

నశ్యం కోసం నారమ్మ వచ్చింది. "సావుకార్ ఏడి?"

"తిరగబోయిండు, వస్తడు" అన్నాడు నసీరుద్దీన్.

"కోడలో?"

"పన్నది. లేపకు, నీకేం గావాల్నో నేనిస్త."

నారమ్మ గొంతు తగ్గించి పొట్లం అడిగి తీసుకుని, కడియాలు మోగకుండా మెట్లు దిగింది. లోపల గిరిజమ్మ రోడ్డుకు వీపు పెట్టి, అటు తిరిగి పడుకుంది.