ఆవకాయ రోజు కారిన పైపు

అశోక్‌నగర్‌లో ఓ పాత ఇంటి మేడ మీద కిరాయికుండే తన్మయి ఇంజనీరింగ్ చదివింది. అందుకే ఇంట్లో ఏది చెడినా కింద ఉండే ఓనరు బాలత్రిపురసుందరి గారు ఆమెనే పిలుస్తారు. కంప్యూటరు తెలిసిన పిల్లకు కుళాయి తెలియదా అని ఆవిడ లెక్క.

ఆ ఆదివారమూ పిలిచారు. కానీ వంటింటి గుమ్మంలోనే ఆపేశారు.

"లోపలికి రాకు! మడి కట్టుకున్నాను."

నేల మీద బేసిన్ నిండా ఆవకాయ. యాభై కాయలు, ఏడాదికి సరిపడా. ట్యాంకు నుంచి వచ్చే పైపు జాయింటు దగ్గర కారి, బేసిన్‌కు జానెడు దూరంలో బొట్లు పడుతున్నాయి. ఒక్క బొట్టు అందులో పడితే బూజే.

"బేసిన్ జర పక్కకి గుంజున్రి ఆంటీ."

"దాన్ని చూశావా, నా నడుమును చూశావా?"

మేడ మీద వాల్వు తుప్పు పట్టి తిరగనంది. ప్లంబరు అంబర్‌పేట్‌లో ఉన్నాడట, రావడానికి రెండు గంటలు పడుతుందన్నాడు. తన్మయి పంక్చరు షాపుకు ఉరికి, పాత సైకిల్ ట్యూబు తెచ్చి, పట్టీలా కోసి గుమ్మం బయటి నుంచే విసిరింది.

"రబ్బరు మడికి పనికొస్తుందంటావా?"

"నీళ్లకైతే పనికొస్తది. సాగదీసి గట్టిగ చుట్టున్రి."

ఆవిడ స్టూలెక్కారు. చేతుల నిండా నూనె. ట్యూబు జారింది, పైపు కదిలింది, బొట్లు కాస్తా ధార అయ్యాయి. తుంపర బేసిన్ అంచును తాకింది.

"ఒకరు కొస పట్టాలె, ఒకరు గుంజాలె. ఒక్కరితోని కాదు ఆంటీ."

లోపలికి ఒక్క అడుగే. కానీ పిలవకుండా వేస్తే, ఆవకాయ దక్కినా ఆవిడ మనసు దక్కదు. తన్మయి గడప మీదే మునివేళ్లపై నిలబడింది.

ఆవిడ పైపును చూశారు. బేసిన్‌ను చూశారు.

"గుడ్లప్పగించి చూస్తావేమిటే, రా!"

ఆవిడ దిగి కొస పట్టారు, తన్మయి ఎక్కి చుట్టింది. స్టూలు ఊగితే ఎర్రటి చేత్తో ఆవిడ ఆమె జీన్స్‌ను గట్టిగా పట్టుకున్నారు. ఏడో చుట్టుకి ధార ఆగింది.

"సారీ ఆంటీ, మీ మడి..." అంటూ తన్మయి గుమ్మం వైపు జరిగింది.

"మళ్లీ స్నానం చేస్తే మడి వస్తుంది, ఆవకాయ వస్తుందా? అటు పట్టు, బేసిన్ జరుపుదాం. ఆగాగు, ముందా తడి చేతులు తుడుచుకో" అని తన మడిచీర కొంగే అందించారు.