రెండోసారి అడిగితే

మా పురుషోత్తమ్ మామకు ఇంటర్వ్యూల గురించి తెలిసినంతగా మా ఊరు మిట్టేమరిలో ఇంకెవరికీ తెలియదు. ఆయన జీవితంలో ఒక్క ఇంటర్వ్యూకి కూడా వెళ్లలేదు. తాత ఉద్యోగంలో ఉండగానే పోతే ఆ కుర్చీ మామకిచ్చారు. ఇంత అనుభవాన్ని ఇంట్లో పెట్టుకుని మా తమ్ముడు అంబరీష్‌ను ఊరికే పంపిస్తామా?

వాణ్ణి చిక్కబళ్ళాపురలో డ్రిప్ పైపులమ్మే కంపెనీ పిలిచింది. ఉద్యోగం వస్తే రోజూ ఇంటి నుంచే బస్సులో వెళ్లిరావచ్చు. రాకపోతే బెంగళూరులో ఇంటింటికీ అన్నం పొట్లాలు మోసుకుంటూ మేడలెక్కాలి. అందుకని మామ రోజూ సాయంత్రం వచ్చి వాడికి మర్యాద నేర్పాడు. తలకు నూనె, కుర్చీ అంచున కూర్చోవడం అయ్యాక అసలు పాఠం మొదలైంది.

"వాళ్లేమిచ్చినా ఒక్క మాటకే చెయ్యి సాచొద్దురా. ఆశపోతు అనుకుంటారు. వద్దను. మళ్లా బలవంతం చేస్తారు గదా, అప్పుడు తీసుకో."

తప్పేముంది? మా ఇళ్లలో ముద్ద తినడమైనా, కాఫీ తాగడమైనా అలాగే. మొదటిసారికే సరే అన్నవాడి గురించి ఏళ్ల తరబడి చెప్పుకుంటాం.

అక్కడ ముందు కాఫీ ఇచ్చారట. వీడు వద్దన్నాడు. మేనేజరమ్మ "పర్వాలేదు, తాగండి" అంది. తాగాడు. దాంతో మామ మీద పూర్తిగా గురి కుదిరింది. పైపుల గురించి, తోటల గురించి అడిగినవన్నీ తడుముకోకుండా చెప్పాడు. ఆవిడ ముచ్చటపడి, "సోమవారం నుంచి చేరతారా?" అంది.

"అయ్యో, వద్దు మేడమ్. నాకెందుకులే!" అన్నాడు మా మర్యాదస్తుడు.

ఆవిడ వాడి ముఖంలోకి చూసి, "సరే, మీ ఇష్టం" అని తర్వాతి మనిషిని పిలిచింది. వీడు లేవలేదు. ఇంకోసారి అడుగుతారు కదా అని నవ్వుముఖంతో అలాగే కూర్చున్నాడు. ఆ వచ్చినవాడు కుర్చీ కోసం పక్కన నిలబడితే లేవక తప్పలేదు. బయటికొచ్చి, ధైర్యం తెచ్చుకుని ఫోన్ చేసేసరికి ఆ కుర్చీలో కూర్చున్నవాడికే ఉద్యోగం ఇచ్చేశామన్నారు.

వాడు ఇంటికొచ్చి ఇదంతా చెప్పాడు. సాయంత్రం మామ వచ్చి, కుర్చీలో చేరగిలబడి, అంతా విన్నాడు.

"నీ తప్పేమీ లేదురా. ఆ యమ్మకే మర్యాద తెలీదు. ఇంగొక మాట అడిగితే నోరేమన్నా అరిగిపోతాదా?"

అంబరీష్ లేచాడు. లోపలికెళ్లి, అమ్మ కాచిన కాఫీ గ్లాసులో తెచ్చి ఆయన ముందు నిలబడ్డాడు.

"కాఫీ తాగుతావా మామా?"

"ఇప్పుడెందుకులేరా, వద్దు," అన్నాడు మామ, అప్పటికే చెయ్యి సగం చాపి.

"సరే మామా," అని వాడు గడప మీద కూర్చుని ఆ కాఫీ తనే తాగేశాడు.