తెమడ పరీక్ష

రెండు నెలలు మందు వాడినా దేవ్‌సింగ్ తెమడలో టీబీ క్రిములు తగ్గనే లేదు. రిపోర్టు చూసి డాక్టరుగారు సువర్ణ మీద విరుచుకుపడ్డారు. ఐసోలేషన్ వార్డులో పన్నెండు మంచాలు, ఆమె ఒక్కతే నర్సు. రిజిస్టర్లు ఆమే రాయాలి, ఫోన్లు ఆమే ఎత్తాలి. తిట్లు తినడానికైనా ఇంకో మనిషిని వేయరు కదా!

ఈ మందులకు లొంగకపోతే ఇంకా గట్టి మందులు, ఇంకా నెలలు. వాటికీ లొంగకపోతే మనిషే దక్కడు. ఆ మాటే చెప్పి సువర్ణ దేవ్‌సింగ్ మీద అరిచింది.

"నిజం చెప్పు. మింగుతున్నవా, ఊస్తున్నవా?"

"నీ ముంగటనే కద సిస్టర్, నోట్లేసుకుంటున్న," అన్నాడతను కిటికీ వైపు చూస్తూ.

అదీ నిజమే. అతను నోట్లో వేసుకోగానే ఆమె కార్డు మీద టిక్కు పెట్టేది, ఫోన్ మోగితే అటు పరుగెత్తేది.

ప్రతి వారంలాగే ఆదివారం ములకలపల్లి దగ్గరి తండా నుంచి అతని భార్య కమ్లి జొన్నరొట్టెలు తెచ్చింది. సువర్ణను వార్డు బయటికి పిలిచి, సిగ్గుపడుతూ గొంతు తగ్గించింది.

"సిస్టర్, నెలన్నర సంది నాకు మూత్రం ఎర్రగ వస్తుంది. నెత్తురా ఏంది?"

సువర్ణకు వెంటనే తట్టింది. టీబీ మాత్రలు మింగేవాళ్లందరికీ వచ్చే ఎరుపే అది.

"ఏం మాత్రలు మింగుతున్నవ్ కమ్లీ?"

"ఆయన ఇచ్చినయే. నాక్కూడ దగ్గొస్తుందని దాచిపెట్టి ఇస్తుండు."

"మరి దవాఖానాకు రావద్దా?"

"ఇద్దరం ఈడనే పంటే పత్తి ఎవరు ఏరుతరు? పిల్లలకు బువ్వ ఎవరు పెడ్తరు?"

సువర్ణకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల మీద, ఆ టిక్కుల మీద, అన్నిటికంటే తన మీద. విసురుగా దేవ్‌సింగ్ మంచం దగ్గరికి వెళ్లింది. ఆమె మొహం చూడగానే అతనికి సంగతి అర్థమైంది.

"నువ్విచ్చేటియి నాలుగు. నాకు రెండు, దానికి రెండు. అది అట్ల దగ్గుతుంటే నేనొక్కన్నే ఎట్ల మింగుదు?" అన్నాడు. ఆపైన నిజంగానే తెలియక అడిగాడు. "చెరి సగమన్న తగ్గాలె కద సిస్టర్. ఎందుకు తగ్గలే?"

తిట్టడానికి వచ్చిన సువర్ణ వెనక్కి తిరిగింది. అలమారలోంచి ఖాళీ తెమడ డబ్బా తీసి, దాని మీద కమ్లి పేరు రాసింది.