తొక్కిన మట్టి

మా వదినకు చేతులు ఊరుకోవు. మునిసిపాలిటీ తోటల విభాగంలో ఉద్యోగం. నా టైలరింగ్ షాపున్న వీధిలో, రోడ్డు వారగా తారు పెకలించి వరసగా నాలుగు గుంతలు తవ్వించింది. అడుగున కంకర, పైన ఆకుల ఎరువు కలిపిన గుల్లమట్టి, గుంతకో చెట్టు. రోడ్డు మీద పారే వాన నీళ్లు లోపలికి మళ్లడానికని అంచురాళ్ల మధ్య జానెడు సందు కూడా వదిలించింది.

"చెట్లు వరద ఆపుతాయా వదినా? నా చెవిలో పూలు పెట్టకండి" అన్నాను. కడుపుమంట మరి! నా షాపు రోడ్డుకు మూడు మెట్లు కింద. కిందటేడు మోకాలి లోతు నీళ్లొచ్చి రెండు మిషన్ల మోటార్లు కాలిపోయాయి. ఇంకొక్కసారి నీళ్లొస్తే నా వల్ల కాదు. 'ఈ షాపు అద్దెకు ఇవ్వబడును' అని రేకు మీద రాయించి గోడకు ఆనించి ఉంచాను.

తొలి వానకు పై మూడు గుంతలూ నీళ్లు గుటగుటా తాగేశాయి. నా షాపు ముందున్న నాలుగోది మాత్రం నిండి పొర్లింది. నీళ్లు ఒక మెట్టు దిగి ఆగాయి. ఒళ్లు మండి ఫోన్ చేశాను.

"మీ చెట్టు తాగనని మొండికేసింది. వచ్చి బుజ్జగించండి!"

వదిన ఇనుప చువ్వ పట్టుకుని వచ్చింది. మూడో గుంతలో గుచ్చితే మూరెడు దిగింది. నా గుంతలో రెండు వేళ్ల లోతు దిగి ఠక్కున ఆగింది.

"ఏమే, ఇక్కడేం చేశావ్?"

నసిగాను. "కస్టమర్లు నిలబడ్డానికి చదునుగా ఉంటుందని... నీళ్లు చల్లి దిమ్మిసతో కొట్టాను. శుభ్రంగా ఉంటుంది కదా అని..."

"శుభ్రం, నీ మొహం! మట్టిలో సందులుంటేనే కదే నీళ్లు దిగేది, వేళ్లు పాకేది? గచ్చు చేసి పెట్టావు కదే తల్లీ!"

తిట్టాల్సినంతా తిట్టి, మోకాళ్ల మీద కూర్చుంది. ముళ్లపారతో కొంచెం కొంచెంగా గుల్ల చేస్తూ, వేరు తగిలిన చోట పార పక్కన పెట్టి వేళ్లతో తవ్వింది. పట్టుబట్టకు పాత కుట్టు విప్పేటప్పుడు నేను పడే జాగ్రత్త అది. ఇన్నేళ్లూ నా చేతిపనే గొప్పనుకున్నాను. సాయంత్రానికి ఒక్క వేరు తెగకుండా గుంతంతా గుల్ల చేసి, పైన ఎండుటాకులు పరిచింది.

పదిరోజులకు కుండపోత. మోటార్లు విప్పి బల్లెక్కించి, మెట్ల మీద నిలబడ్డాను. రోడ్డు వారగా పరుగెత్తుతున్న నీళ్లు సందులోంచి లోపలికి మళ్లి చెట్టు చుట్టూ నిండాయి. అంచురాయి దాకా వచ్చాయి. అయిపోయింది, నా షాపు గతి ఇంతే అనుకున్నాను. ఇంతలో బుడగలు లేచాయి. నీళ్లు బెత్తెడు తగ్గాయి. మళ్లీ నిండాయి, మళ్లీ తగ్గాయి. వాన వెలిసేదాకా అదే వరస. రోడ్డు నీళ్లు ఒక్క మెట్టు కూడా దిగలేదు. అక్కడే కూలబడి ఏడ్చేశాను.

వదిన తడిసి ముద్దై వచ్చేసరికి నేను అద్దె రేకు తిరగేసి, రంగుతో 'ఈ మట్టిని తొక్కితే ఊరుకోను' అని రాసి చెట్టుకు కడుతున్నాను.

"మీరు మామూలు మనిషి కాదు వదినా! చదవండి, ఎలా ఉంది?"

వదిన చదివింది. తర్వాత నా కాళ్ల వైపు చూసింది.

"బాగుంది. ముందు నువ్వు మట్టి మీంచి దిగు."